నీ కుర్చీ మీద మిరపకాయలు

దావీదన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. చదవవని తెలిసే రాస్తున్నాను, తప్పులు దిద్దే బాధ నీకు లేదు.

మన చర్చిలో ముప్పై ఏళ్ళు నువ్వు కూర్చుని వాక్యం చెప్పిన కుర్చీ మీద నాకు అనుమానం పుట్టింది. నువ్వు పోయాక అందులో ఎవరూ కూర్చోలేదు. కొత్త పాస్టరుగారు కూడా పక్కన నిలబడే ఉంటాడు. ఇవాళ కోతల పండగ. తొలికోత మిరపకాయలు దేవుడి బల్ల మీద పెట్టాలా, జనం తెచ్చి నీ కుర్చీలో పోశారు.

"ఎవరు మొదలెట్టారే ఇది?" అని మరియమ్మని అడిగాను.

"ఎవరూ మొదలెట్టలేదు బాబాయ్. బల్ల నిండిపోయింది, కుర్చీ ఖాళీగా ఉంది."

"బల్ల మీద ఒక్క కాయ లేదు గదే!"

"అన్నీ నీకే కనపడతాయిలే!"

బైబిల్లో జనం మొక్కడానికి బంగారు దూడని చేసిపెట్టిన అహరోను కూడా, నిలదీసిన మోషేతో ఇంతే అన్నాడు గదా, బంగారం నిప్పులో వేస్తే దూడ దానంతటదే బయటికొచ్చిందని. అది చెప్పి మమ్మల్ని నవ్వించింది నువ్వే. ఇట్టాగే వదిలేస్తే వచ్చే ఏడాదికి నీకు కొమ్ములొస్తాయని భయమేసింది.

కాయలన్నీ బల్ల మీదికి మార్చి, కండువాతో కుర్చీ తుడిచి, "కూర్చోండి అయ్యగారూ, ఇది ఉత్త చెక్క" అన్నాను. పాపం, కూర్చుని ఘాటుకి మూడుసార్లు తుమ్మాడు.

ఆ తర్వాత నేను ఒక్క పాటా పాడలేదన్నా. నీ చేతులు రాసుకుని నునుపెక్కిన చోట ఆయన చెయ్యి పెట్టకుండా ఉంటే బాగుండునని, ఆరాధన అయ్యేదాకా అదే చూస్తూ కూర్చున్నాను.