నలభై అడుగుల గీత

సెప్టెంబరు 9, సోమవారం
యూనివర్సిటీలో ఇరవై ఏళ్లుగా గోడలకి రంగులేస్తున్నాను, ఇలాంటి పని ఎప్పుడూ తగల్లేదు. ఆఫీసు మెట్ల నుంచి నలభై అడుగుల దూరంలో రోడ్డుకి అడ్డంగా పసుపు గీత వెయ్యాలట. ఫీజులు పెంచారని గొడవ చేస్తున్న పిల్లలు ఆ గీత అవతలే అరుచుకోవాలి. దాటితే పోలీసులు పట్టుకుపోతారు. తుమ్మొస్తే కూడా అవతలికి పోయే తుమ్మాలా సార్ అని అడిగాను. సూపర్‌వైజర్ నవ్వలేదు. మ్యాపు నా మొహాన పడేసి టీకి పోయాడు.

సాయంత్రం
మేనకోడలు ఇక్కడే లా చదువుతోంది. లాయరమ్మా అని ఏడిపిస్తుంటాను. అంత దూరం నుంచి అరిస్తే ఆ ఏసీ గదుల్లోకి ఏం వినబడుద్ది మావయ్యా, నీ గురకైతే వినబడుద్దేమోగానీ అంది.

సెప్టెంబరు 10
గీత ముప్పై అడుగుల దగ్గరే వేశాను. ఆ పది అడుగులూ లాయరమ్మకి మావయ్య కానుక. సూపర్‌వైజర్ టేపు ముట్టుకోకుండానే కొలిచానని సంతకం గీకేశాడు. లోపల్లోపల ఒకటే నవ్వు. ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబరు 12
కిటికీలకి రంగేస్తూ నిచ్చెన మీద నుంచి అంతా చూశాను. పిల్లలు బుద్ధిగా గీత అవతలే నిలబడ్డారు. ఒక్క కాలు ఇవతల పెట్టలేదు. పదకొండింటికి పోలీసులు మ్యాపు, టేపు పట్టుకొచ్చి కొలిచారు. పిల్లలే గీత చెరిపి ముందుకి జరిపారన్నారు. ముందు వరసలో పధ్నాలుగు మందిని కొట్టి వ్యాన్ ఎక్కించారు. లాయరమ్మ గీత వైపు చెయ్యి చూపిస్తూ, మేం దాటలేదు సార్, చూడండి సార్ అని అరుస్తోంది. ఆ చేతి మీదే కొట్టారు.
నేను నిచ్చెన దిగలేదు.

సెప్టెంబరు 13
లాయరమ్మ మణికట్టు విరిగింది. బెయిలు దొరికింది గానీ, గీత జరిపారని ఇంకో కేసు. ఎంక్వైరీలో అదే తేలితే చదువు అంతటితో సరి. నువ్వక్కడే ఉన్నావు కదరా, ఒక్క మాటైనా అనలేకపోయావా అని అక్క నా చొక్కా పట్టుకుని ఏడ్చింది.

సెప్టెంబరు 14
సూపర్‌వైజర్‌కి చెప్పేశాను. నోర్ముయ్, నీతోపాటు నా ఉద్యోగమూ ఊడుద్ది అన్నాడు. మధ్యాహ్నానికల్లా వేరేవాళ్లతో గీతని ఆనవాలు లేకుండా గీకించేశాడు.

సెప్టెంబరు 17
ఎంక్వైరీ. బల్ల అవతల ముగ్గురు పెద్దమనుషులు. ఆ గీత వేసింది నేనేనండీ, ముప్పై దగ్గరే వేశానండీ, పిల్లలకి ఏ పాపం తెలీదండీ అన్నాను. మధ్యలో ఆయన నన్ను గుర్తుపట్టాడు. పోయినేడు ఆయన కుర్చీకి ఉత్తుత్తినే తడి పెయింటు అని బోర్డు తగిలించి, పూటంతా నిలబెట్టింది నేనే. మళ్లీ మొదలెట్టావట్రా అన్నాడు. మేనకోడలి కోసం నాటకమండీ అన్నాడు పక్కాయన. ఒట్టు పెట్టాను. ఒట్టు కూడా భలే పెడతాడే అన్నారు. సంతకం కాగితం తీశారు. సూపర్‌వైజర్ నేల చూపులు చూస్తూ, నలభయ్యేనండీ, నేనే కొలిచాను అన్నాడు.
వీళ్లని నవ్వించాలని ఇరవై ఏళ్లు తిప్పలు పడ్డాను. ఇవాళ ముగ్గురూ కడుపుబ్బా నవ్వారు.

సెప్టెంబరు 20
పధ్నాలుగు మందినీ యూనివర్సిటీ నుంచి తీసేశారు.

సెప్టెంబరు 21
నా మాట లాయరమ్మ ఒక్కతే నమ్మింది. హాస్టల్ సామాను నన్ను ముట్టుకోనివ్వలేదు. ఒంటి చేత్తో, నాలుగు సార్లు తిరిగి, తనే మోసుకుపోయింది.