కాటా వేసిన తాబేళ్ళు

అద్దంకి,
సోమవారం

ఏవండీ,

కోపంగా ఉన్నా ప్రేమతోనే రాస్తున్నాను. ఫోన్లో అయితే సగంలోనే నవ్వేసి పెట్టేస్తారు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేరుగా.

మన సర్వే ఆఫీసు మీద, మీ మీద, నా మీద కూడా అసహ్యం పుట్టింది. మిరప చేల పక్కనున్న పదెకరాల బీడు భూమిలో నక్షత్ర తాబేళ్ళు ఎన్నున్నాయో తేల్చమని పంపారు మీరు. పట్టుకున్న ప్రతిదాని డిప్ప మీదా పసుపు రంగుతో నంబరు వేసి వదిలేశాను. తర్వాత వెళ్ళినప్పుడల్లా దొరికినవాటిలో రంగున్నవెన్ని, లేనివెన్ని అని చూడాలి. రంగున్నవే మళ్ళీ మళ్ళీ దొరికితే మొత్తం తక్కువని, అవి అరుదుగా దొరికితే మొత్తం చాలా ఎక్కువని లెక్క. నిన్న అంతా సాఫ్ట్‌వేర్లో ఎక్కించాను. తాబేలుకో వరుస, వెళ్ళిన ప్రతిసారికీ ఓ గడి. కనిపిస్తే ఒకటి, లేకపోతే సున్నా. చూస్తే దాదాపు ఏ వరుసలోనైనా ఒక్క ఒకటే, మిగతావన్నీ సున్నాలు. రెండోసారి దొరికింది ఒకే ఒక్క తాబేలు, అదీ నా కాలికి తగిలింది కాబట్టి. మొత్తం ఏడొందల పైచిలుకని తేల్చింది సాఫ్ట్‌వేర్. అన్నుంటే ఆ బీట్లో కాలు పెట్టే చోటుండదండీ.

పొద్దున్నే కాయ కోసే ఆడవాళ్ళ దగ్గరికెళ్ళి అడిగాను. తాబేళ్ళు వెతికి తెచ్చేది వాళ్ళేగా. ముఠా పెద్ద సుబ్బరావమ్మ నన్ను వింతగా చూసింది.

"రంగేసినవి బోలెడు కనపడతన్నాయమ్మా. మళ్ళీ ఎందుకు తేవటం? మిర్చి యార్డులో కాటా వేసిన టిక్కీకి రంగు పూస్తారు. దాన్నే మళ్ళీ కాటా ఎక్కిస్తే దొంగ లెక్క కాదూ?"

మిరపకాయల బస్తాల పద్ధతే తాబేళ్ళకీ పాటించారు, పాపం, నిజాయితీగా. ముందే చెప్పకపోవడం నా తెలివితక్కువతనం. ఇది చెబుదామని ఫోన్ చేస్తే మీరేమన్నారు? "ఏడొందలు మంచి నంబరే, ఉండనియ్. తాబేళ్ళేమన్నా కోర్టుకెళ్తాయా?" పక్కనే, ఈ బీట్లో కోల్డ్ స్టోరేజీ కట్టాలని చూస్తున్న ఆ జయరావు నవ్వు కూడా వినబడింది. ఇన్ని తాబేళ్ళున్నప్పుడు అతని కోసం ఈ బీడు చదును చేసినా నష్టం లేదని రాస్తారు, అంతేగా.

రిపోర్టు ఆపండి. మళ్ళీ లెక్క తీసిస్తాను. ఆపుతారనే నమ్ముతున్నాను.

మీ
మహిమ


అద్దంకి,
శుక్రవారం

కరుణాకర్ గారికి,

ఏవండీ అని రాయబుద్ధి కాలేదు.

నా ఉత్తరం చదివాక కూడా అటవీ శాఖకి రిపోర్టు పంపేశారు. "పనైపోయింది, ఇంటికొచ్చెయ్" అని మెసేజీ ఒకటి. రిపోర్టు చివర నా పేరు, నా సంతకం. కంప్యూటర్లో ఉన్న పాత సంతకాన్ని తెచ్చి అతికించారు. ఒక్క మాట అడగాలని కూడా అనిపించలేదా? ఇన్నేళ్ళు ఒకే కంచంలో తిన్న మనిషి చేసిన పని అది.

నేను మళ్ళీ లెక్క తీశాను. రంగున్నవి కూడా తెమ్మంటే సుబ్బరావమ్మ వాళ్ళు తట్టల్లో తెచ్చి దించారు. ఎటు చూసినా పసుపు నంబర్లే. ఎంత వెతికినా కొత్తవి నాలుగైదుకి మించలేదు. నా వరుసల నిండా ఒకట్లు పడ్డాయి. మొత్తం యాభై దాటవు. బీడు పోతే అవీ పోతాయి.

ఈ లెక్కా, పాతది ఎందుకు తప్పో, ఆ సంతకం నేను పెట్టలేదన్న సంగతీ రాసి అటవీ శాఖ ఆఫీసులో నా చేత్తో ఇచ్చి వచ్చాను. చదును పని మొదలుపెట్టొద్దని జయరావుకి అప్పుడే కబురు వెళ్ళింది. మిమ్మల్ని కూడా పిలుస్తారట.

ఆదివారం ఇద్దరూ కలిసి చర్చికి రండమ్మా అని మీ అమ్మగారు ఫోన్ చేశారు. నేను తాడేపల్లి ఇంటికి రావడం లేదని చెప్పాను. ఎందుకో మీరు చెప్పండి.

రంగేసినదాన్ని మళ్ళీ చూడనక్కర్లేదనుకున్నారు ఆ ఆడవాళ్ళు. పెళ్ళయినప్పటి నుంచి మీరు నన్ను చూసిందీ అలాగే, ఎలాగూ మన లెక్కలోదే కదా అని. కాకపోతే వాళ్ళకి తెలియదు. చెప్పగానే మార్చుకున్నారు. మీకు ఉత్తరం రాసి మరీ చెప్పాను.

మహిమ