బాల్కనీలో గిన్నె

లాలాగూడ,
సికింద్రాబాద్

వసుధ వదినగారికి నమస్కారాలు.

కల్పలత సంవత్సరీకానికి మీరు వస్తున్నారంటే ధైర్యంగా ఉంది. ఒక్క మనవి. ఇల్లు శుద్ధి చేయించేటప్పుడు బాల్కనీలోని చిన్న స్టవ్వునూ గిన్నెనూ పారేయించవద్దు.

తుంటి ఆపరేషన్ తర్వాత నా తొడ కండలు కరిగిపోయాయి. పప్పూ పెరుగూ మంచివే కానీ, నేను తినే కాస్తకు ఈ వయసులో కండ పట్టదనీ, గుడ్లు కూడా తినాలనీ డాక్టరు చెప్పారు. మన ఇళ్ళలో గుడ్డు పేరే ఎత్తరు. మీ చెల్లెలు ఆ స్టవ్వూ గిన్నే కొనుక్కొచ్చి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని రోజూ ఉడకబెట్టింది.

"నవ్వకుండ్రి, జెర జల్ది తినుండ్రి. మా అక్కకు తెలిస్తే నన్ను సుత గడప తొక్కనియ్యదు" అనేది.

కొన్నాళ్ళకు కర్ర లేకుండా నడిచాను.

తను పోయాక ఆ స్టవ్వు వెలిగించలేకపోయాను. కాళ్ళు సన్నబడ్డాయి. మళ్ళీ కర్ర చేతికొచ్చింది. మొన్న డాక్టరు కోప్పడ్డారు.

ఇక నేనే ఉడకబెట్టుకుంటాను, ఆ గిన్నెలోనే. మీకు వాసన పడకపోతే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని బాల్కనీ తలుపు దగ్గర నిలబడండి. నేను తినేవరకూ తనూ అక్కడే నిలబడేది.

మీ మరిది