గోడల మీది తప్పు నంబరును అలాగే ఉండనివ్వమని మనవి

మత్తు నివారణ విభాగం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గోడలపై తప్పుగా పడిన ఫోన్ నంబరును తక్షణమే సరిదిద్దవలసిందిగా తమ కార్యాలయం పంపిన తాఖీదు, దానిని సరిదిద్దకుండా ఉండుటకు అనుమతి కోరుట గురించి.

కాలేజీ ప్రహరీల మీదా, బస్టాండు గోడల మీదా "మత్తుకు లొంగకు, అమ్మను ఏడిపించకు" అని రాసి, దాని కింద సహాయం కోరేవారి కోసం తమ విభాగం నంబరు వేసిన పెయింటరును నేనే. చివరి అంకె ఒకటికి బదులు ఏడు పడిన మాట వాస్తవం. అందుకు నా సంజాయిషీ ఈ దిగువన సమర్పించుకుంటున్నాను.

1. మా పనిలో నేను సుద్దతో అక్షరాల అంచులు గీస్తాను, మా అబ్బాయి వాటిలో రంగు నింపుతాడు. మొదటి గోడ దగ్గర వాడి చెయ్యి వణికి, ఒకటి అంకె తల దగ్గర రంగు పక్కకు జారింది. తుడిస్తే మరకవుతుందని వాడు దాన్ని ముచ్చటైన ఏడుగా దిద్దాడు. అన్ని గోడల మీదా నంబరు ఒకేలా రావాలని నేను అంకె చూసుకోకుండా ఆ గోడ మీదే కాగితం పెట్టి నకలు తీసి, అట్టతో అచ్చు కత్తిరించాను. ఆ అచ్చుతోనే ఊరంతా కొట్టాం. పనితనం బాగుందని తమరే మెచ్చుకున్నారు.

2. చెయ్యి ఎందుకు వణికిందంటే, వాడు రంగులో కలిపే థిన్నరు పీలుస్తున్నాడు. మత్తు వద్దని రాసే డబ్బా పక్కనే వాడికి మత్తు దొరికింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనెంత. తెలిసిన నాటి నుంచి నీళ్ళలో కలిసే రంగులతోనే పని చేస్తున్నాను. వాడు వేరే చోట్ల సంపాదించుకుంటున్నాడు.

3. తిట్టాను, కొట్టాను, కాళ్ళు పట్టుకున్నాను. వాళ్ళమ్మ అన్నం మానేసింది. మాన్పించే కేంద్రానికి తీసుకువెళితే, సారా అయినా గంజాయి అయినా చేర్చుకుంటాం గానీ థిన్నరు మా జాబితాలో లేదన్నారు. పోనీ గంజాయి అలవాటు చేసి తీసుకురమ్మంటారా అని అడిగాను. బయటికి నడవమన్నారు.

4. ఇక దిక్కుతోచక, నేను రాసిన గోడ ముందే నిలబడి ఆ నంబరుకు ఫోన్ చేశాను. ఒకామె ఎత్తింది. మత్తు నివారణ ఆఫీసేనా అమ్మా అన్నాను.

"కాదు బాబూ, నేను ఇంట్లో బట్టలు కుట్టుకునేదాన్ని. ఈమధ్య అందరూ నాకే చేస్తున్నారు. తల్లులు ఒకటే ఏడుపు. రాంగ్ నంబరని పెట్టేయడానికి మనసు రావట్లేదు. నాకేం తెలీదు, వింటానంతే. నీదేంటో చెప్పు."

చెప్పాను. మిషను ఆపి వింది. సాయంత్రం అబ్బాయిచేత మాట్లాడించమంది. మా దగ్గర నోరు విప్పనివాడు ఆమెతో మాట్లాడాడు. అప్పటి నుంచి తరచూ మాట్లాడుతున్నాడు. ఏంట్రా అన్ని కబుర్లు అంటే, "ఏం లేదు నాన్నా, అత్త బొత్తాలు కుడుతుంటే నేనేదో వాగుతుంటా" అన్నాడు. ఆమె వాడికి ఎప్పుడు అత్త అయిందో నాకు తెలియదు. వాడు మానలేదు. కానీ మాట్లాడిన రోజు ఇంట్లో అన్నం తింటున్నాడు.

5. తమ తాఖీదు అందాక అసలు నంబరుకు కూడా చేశాను. ఒకటి నొక్కమన్నారు, రెండు నొక్కమన్నారు, తర్వాత పాట వేశారు. పాట బాగానే ఉంది.

కావున తప్పు నంబరును అలాగే ఉండనివ్వమని, థిన్నరును కూడా ఆ కేంద్రం వారి జాబితాలో చేర్చించి మా వాడికి ఒక మంచం ఇప్పించమని ప్రార్థన.

మరొక్కటి. సరిదిద్దే పనికి ఎనామిలు రంగే వాడాలంటూ, రంగుతో పాటు పెద్ద థిన్నరు డబ్బా తమ కార్యాలయం వారే మా ఇంటికి పంపారు. పారబోస్తే ప్రభుత్వ సొత్తు పాడుచేసినట్టని బంట్రోతు హెచ్చరించి మరీ వెళ్ళాడు. దాన్ని నేను ఇంట్లో ఉంచుకోలేను. ఈరోజే వెనక్కి తెప్పించుకోండి. ఈరోజే అయ్యా.

అంకె తప్పినా మొర తప్పలేదని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
తమ గోడల పెయింటరు

తా.క.: అర్జీ కవర్లో పెడుతూ చూస్తే మూలనున్న డబ్బా లేదు. వాడూ లేడు. ఫోను ఇంట్లోనే వదిలేశాడు. ఈ నాలుగు ముక్కలు తమ కార్యాలయం గేటు బయట రాస్తున్నాను, లోపలికి సోమవారం రమ్మన్నారు. వాళ్ళమ్మ కాలేజీ వైపు వెళ్ళింది. టైలరమ్మకు ఫోన్లో చెబితే బట్ట మిషను మీదే వదిలేసి బస్టాండు వైపు బయల్దేరింది. ఆమె వాడిని ఎప్పుడూ చూడలేదు. ఎలా ఉంటాడని అడిగితే నాకు చెప్పడం చేతకాలేదు. పర్లేదులే, వాడు మాట్లాడితే చాలు, గుర్తుపడతాను అంటోంది.