గద్ద ఎటు వెళ్లింది

కొరింథులో కుండలు చేసుకుంటున్న అన్నయ్య థ్రసోన్‌కు, చెల్లెలు మెలాంథా నమస్కరించి రాస్తున్నది. అమ్మ, నాన్న, నేను ముగ్గురమూ బతికే ఉన్నాం. నువ్వు అక్కడ కులాసాగా ఉన్నావని తలుస్తాను.

ఎండుచేపల బేరగాడు నీ మైనపు పలక తెచ్చిచ్చాడు. అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. నీళ్లకు సరస్సు దాకా నడవాల్సి వస్తోంది, నొప్పి ఎలా తగ్గుతుంది? ఊటలో నీళ్లు పడ్డాయా అని అడిగావు. లేదు. అడుగు మట్టి కూడా నెర్రెలిచ్చింది. మేకలు చచ్చిన పిల్లల్ని ఈనుతున్నాయి. పిచ్చుకలు ఊరు వదిలి పోయాయి.

మేకల కాపరి కిమోన్ సంగతీ అడిగావు. దానికి జవాబు రాసి రెండుసార్లు చెరిపేశాను. నీకు తెలిసిన దానితోనే మొదలుపెడతాను.

బంకమట్టి తవ్వుతూ ఊట దగ్గరి దేవతా సర్పాన్ని పారతో కొట్టి చంపావు. నాకొక్కదానికే చెప్పి వెళ్లిపోయావు. మర్నాటికే ఊట ఎండింది. దోషి ఎవరో పక్షులు పోయే దిక్కును బట్టి చెప్పమని పెద్దలు నాన్నను గుట్ట మీద కూర్చోబెట్టారు. రాజులడిగినా చేదు నిజమే చెప్పిన మనిషి. కానీ కళ్లు లేని ఆయనకు పక్షుల్ని చూసి చెప్పేది నేనే కదా. గద్ద మన ఇంటివైపు వెళ్లింది. నేను కొండవైపు వెళ్లిందన్నాను.

కొండ మీద ఉండేది కిమోన్ ఒక్కడే. "మేకలు కాసుకునేవాణ్ణి, నాకు పాముతో పనేంటయ్యా?" అని మొత్తుకున్నాడు. "ఫైడిమోస్ నోట అబద్ధం రాదు, నడువు" అంటూ నాన్న పేరు చెప్పి ఊరివాళ్లు రాళ్లతో తరిమారు.

నిన్న అతని శవం వాగులో దొరికింది. ఇక తట్టుకోలేక నాన్న పాదాల దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను.

"తెలుసు తల్లీ" అన్నాడు. "గుడ్డివాడికి రెక్కల చప్పుడు కూడా వినపడదనుకున్నావా? మన ఇంటివైపే పోయింది. నువ్వేం చెబుతావోనని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. కొండ అనగానే ప్రాణం కుదుటపడింది. అంతకన్నా పాపం నా జన్మలో చెయ్యలేదు."

పౌర్ణమి నాడు ఊరు మళ్లీ గుట్ట ఎక్కుతోంది. ఈసారి నాన్న ముగ్గురి పేర్లూ చెబుతాడట. పామును చంపిన నువ్వు, గద్ద దారి మార్చి చెప్పిన నేను, రెక్కల చప్పుడు విని కూడా నా మాట కాదనని తాను. అమ్మ ఏడవలేదు. "వాణ్ణి మాత్రం రావద్దని రాయవే. ఏ ఓడ దొరికితే అది ఎక్కి పొమ్మను" అంది. నేనూ అదే రాస్తున్నాను. రావద్దు అన్నయ్యా.

కానీ ఒక మాట దాచలేను. అమ్మ అలా అన్నాక నాన్న ఆమెతో నెమ్మదిగా అన్నాడు:

"పౌర్ణమి నాడు నాలుగు కంచాలు పెట్టు. వాడి కంచం నా పక్కన."

ఇట్లు,
నీ తోడబుట్టిన
మెలాంథా