నడకవంతెన దగ్గర దాచిన పెట్టె

మ్యాపులు తయారుచేసే పటాల కార్యాలయంలో ముప్పై ఏళ్ళు గీతలు గీసి రిటైరైన, అందరూ ‘పటాలక్క’ అని పిలిచే నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వయంగా రాసుకున్న వీలునామా ఇది. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి గాని బుర్ర బాగానే ఉంది. దీన్ని అమలు జరిపే బాధ్యత మా వీధి లైబ్రేరియన్‌ది.

1. నేను ఊరంతా దాచిన పదకొండు జియోకాష్ పెట్టెలు నాతో ఈ ఆట ఆడే లైబ్రరీ బృందానికి చెందాలి. పజిల్ విప్పితే అక్షాంశ రేఖాంశాలు వస్తాయి. ఫోన్ పట్టుకుని అక్కడికి వెళ్ళి, పెట్టె వెతికి, లోపలి చిట్టి పుస్తకంలో సంతకం చేయాలి. ఆట అంతే.

2. కొత్తవారి కోసం రాసిన నా నీలం నోట్‌బుక్ మేనకోడలికి. అది చెప్పేదిది: ముందు పజిల్ పేరు చదువు, సగం దారి అందులోనే ఉంటుంది. ఎన్ని అంకెలు కావాలో చూసుకో. చిక్కుకుంటే సిగ్గుపడకుండా అడుగు. ఈ చివరి మాట రాశానే గాని, అడిగినవాళ్ళమీద ముఖం చిట్లించడమే నా అలవాటు.

3. నా టార్చ్‌లైటు మందుల షాపాయనకు. పజిల్ విప్పకుండా, పార్కులో మొక్కలన్నీ తొక్కి నా పెట్టె పట్టుకున్న ఘనుడాయన. ఇకనైనా కాళ్ళ కింద చూసుకుని నడవాలి.

4. ఇల్లు, సామాను బస్సు డ్రైవరైన నా తమ్ముడికి. నాతో కాసేపు గడపవచ్చనే వాడు నాలుగేళ్ళ కిందట ఈ ఆటలోకి వచ్చాడు. వాడొక్కడి కోసమే, వాడు తోలిన బస్సుల రూట్ నంబర్లతో ఒక తేలిక పజిల్ కట్టాను. విప్పాడు. మూడు సెలవు రోజులు నడకవంతెన దగ్గర వెతికి ఉత్తచేతులతో వచ్చాడు. “అక్కా, నా లెక్క సరిగ్గానే ఉంది. ఒక్కసారి నువ్వెళ్ళి చూసి రావచ్చుగా” అన్నాడు. దొరకలేదని ఎవరైనా అంటే దాచినవాళ్ళు వెళ్ళి చూడటం ఈ ఆటలో మర్యాద. నేను వెళ్ళలేదు. బృందమంతా వింటుండగా, కూడికలు నేర్చుకుని రమ్మన్నాను. వాడు మళ్ళీ నా గడప తొక్కలేదు.

పోయిన నెల డాక్టరు మాట విన్నాక వెళ్ళి చూశాను. వాడు వెతికిన చోటికి యాభై మీటర్ల అవతల ఉంది పెట్టె. పజిల్ కట్టేటప్పుడు చివరి రెండంకెలు 74ను నేనే 47గా వేసుకున్నాను. ఉద్యోగమంతా ఇతరుల పటాల్లో తప్పులు దిద్దిన చెయ్యి ఇది. ఫోన్ చేద్దామని మూడుసార్లు తీసి, సిగ్గేసి పెట్టేశాను.

5. దీన్ని లైబ్రేరియన్ మా తమ్ముడికి చదివి వినిపించాలి. తమ్ముడూ, పజిల్ దిద్దలేదు, పెట్టెనే జరిపాను. చేతికర్రతో ఆ యాభై మీటర్లకు అరగంట పట్టింది. వంతెన మెట్ల కింద, మూడో ఇనుప స్తంభం వెనక ఉంది. పుస్తకంలో మొదటి గీత ఖాళీగా ఉంచాను. అక్కడ ఇంకెవరూ సంతకం చేయకూడదు. నువ్వు వెతికిన చోటే ఉందిరా.

14 అక్టోబరు 2025, మంగళవారం

సంతకం: పటాలక్క

సాక్షులు: పక్కింటి దర్జీ, మా వీధి పోస్ట్‌మన్