నడవాలో ఒకే ఒక్క ప్లగ్ పాయింట్

డెబ్బై ఎనిమిదేళ్లు నిండిన రిటైర్డ్ ప్రూఫ్ రీడర్‌ని నేను. ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో నేనే రాస్తున్న వీలునామా ఇది. మతి స్థిమితంగానే ఉంది, లేనిదల్లా ధైర్యం. నా తదనంతరం దీన్ని మా తమ్ముడు అమలు చేయాలి. మా అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టి చదవాలి. ఒక్క వాక్యం కూడా మింగకూడదు.

1. నా స్వార్జితమైన ఈ ఇల్లు, పెరటి గదితో సహా, సర్వహక్కులతో మా అమ్మాయికి. మధ్యగదిలోని నా పుస్తకాలను పెరటి గదికి తరలించాలి. ఆఫీసు పనికి చోటడిగితే, ఒక్క బీరువా జరపడం ఇష్టంలేక, ఆమెను ఆ పాత సామాన్ల గదిలోకి పంపింది నేనే.

2. ఆ గదికి వైఫై అందక, సిగ్నల్‌ని అక్కడిదాకా అందించడానికి నడవాలో రిపీటర్ అనే చిన్న పెట్టె తగిలించారు. అయినా సిగ్నల్ రోజూ మధ్యాహ్నం రెండింటికి పోయి నాలుగింటికి వచ్చేది. ఆఫీసు ఫోన్లో ఏ కస్టమరు గోడో వింటూండగానే అమ్మాయి మాట తెగిపోయేది. పక్కింట్లో ఉండే తమ్ముడి రేకుల షెడ్డు సిగ్నల్‌కి అడ్డమన్నాను. తొమ్మిది నెలలు వాడి గుమ్మం తొక్కలేదు. నా నిఘంటువు మొదటి సంపుటం వాడికి. రెండోది పాతికేళ్ల కిందటే పట్టుకుపోయాడు కనక జత కలుస్తుంది. షెడ్డు విషయంలో తప్పు నాది, నిఘంటువు విషయంలో ముమ్మాటికీ వాడిదే.

3. వైఫై కంపెనీ మెకానిక్ ఎండలో నాలుగుసార్లు మేడెక్కాడు. వైరు మార్చాడు, పెట్టె మార్చాడు. పొద్దున పూట వచ్చేవాడు కనక అతనికి అంతా బాగానే కనిపించేది. సరిగ్గా రెండింటికే ఎందుకు పోతోంది పెద్దాయనా అని తల గోక్కుంటే, అది నీ నిద్ర టైము కదా అన్నాను. అతని పైవాళ్లకు మూడు పేజీల ఫిర్యాదు రాశాను. ఒక్క అచ్చుతప్పు లేదు. అతన్ని పనిలోంచి తీసేశారు.

4. రోజూ రెండింటికి నేను వెలుతురు రాని ఆ నడవాలో పడక్కుర్చీ వేసుకుని చదువుకునేవాణ్ణి. అక్కడున్నది ఒకే ప్లగ్ పాయింట్. రిపీటర్ పీకి నా దీపం పెట్టుకునేవాణ్ణి, లేచేటప్పుడు మళ్ళీ దాన్ని గుచ్చేవాణ్ణి. పెట్టెతో వచ్చిన సూచనల కాగితం పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నాను. ఇంటినిండా ఉన్నవన్నీ చదివాను, అదొక్కటి తప్ప. ‘ఎప్పుడూ ఆపి ఉంచరాదు’ అన్న మాట కంటబడేసరికి, కాల్స్ తెగుతున్నాయని ఆఫీసువాళ్లు అమ్మాయికిచ్చిన గడువు ఇంకా వారం ఉంది. లోపమేమిటో రాసిస్తే ఉద్యోగంలో ఉంచుకుంటామన్నారు. నేను నోరు విప్పలేదు. పీకడం మానేసి, నా ఫిర్యాదు దెబ్బకే బాగుపడిందని చెప్పుకున్నాను. ఉద్యోగం పోయిన రోజున అమ్మాయి నాకు కాఫీ ఇచ్చి, పోనీలే నాన్నా, నువ్వు చేయగలిగిందంతా చేశావు అంది.

5. అప్పటినుంచి నడవాలో చీకట్లోనే కూర్చుంటున్నాను. ఇంకో పాయింటు పెట్టించమంటే ఎందుకని అడుగుతారేమోనని భయం. ఆ దీపం మెకానిక్‌కి రాద్దామనుకున్నాను. కానీ సాక్షిగా సంతకం చేసినవాడికి వీలునామాలో ఏదీ రాసివ్వకూడదు. నాకు అతను సాక్షిగానే కావాలి. అందుకే వెతికించి పిలిపించాను. దీపం కూడా అమ్మాయికే.

తేదీ: 2024 మార్చి 14
సంతకం: ఈ ఇంటి యజమాని

సాక్షులు:
1. ఎదురింటి టైలరు. (చదవలేదు, సంతకం మాత్రమే.)
2. మెకానిక్‌ని. మొత్తం చదివాను. నడవాలో రెండు పాయింట్ల బాక్సు బిగించాను. దీపం వేసుకోండి పెద్దాయనా. అమ్మాయిగారు పెరట్లోనే ఉన్నారు. చెప్పేదేదో ఈ రోజే చెప్పేయండి.